పైకప్పు మీద ఇడ్లీ రేకులా ఆ గుబ్బలేంటి?

ఎడారిపిల్లి

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. మస్కట్‌లో సైట్ ఇంజనీరుగా చేస్తున్నా. మా సైటులో ఇరాన్ ఆయన ఒకరున్నారు. మొన్న సెలవు నుంచి వస్తూ గోడ క్యాలెండర్ ఒకటి తెచ్చిచ్చారు. వాళ్ల సంవత్సరం మార్చి 21 దగ్గర మొదలవుతుంది కదా, ఇప్పుడు మొదటి పేజీయే వేలాడుతోంది. ఆ పేజీలో బొమ్మ నన్ను పని చేసుకోనివ్వట్లేదు.

ఎడారి. మధ్యలో ఒకే ఒక్క కట్టడం. డ్రోన్‌తో పైనుంచి తీశారు. నలుచదరం, ఇటుక రంగు, మూలల్లో గుండ్రటి బురుజులు, లోపల పెద్ద ఖాళీ వాకిలి. బయటి గోడకి ఒక్కటంటే ఒక్క కిటికీ లేదు. ద్వారం ఒకటే. పైకప్పు మీద గోడ వెంబడి, ఇడ్లీ రేకు బోర్లించినట్టు వరసగా గుబ్బలు. కొన్నింటి నెత్తిన చిల్లు కూడా ఉంది. కోటా అని అడిగితే ఆయన నవ్వి "కాదు, హోటల్" అన్నారు. ఇంతలో కాంక్రీటు లారీ వచ్చింది, మాట అక్కడితో ఆగిపోయింది.

కిటికీల్లేని హోటల్ ఎక్కడైనా ఉంటుందా? ఆ గుబ్బలేంటి? బొమ్మ కింద పేరు రాసుంది గానీ వాళ్ల లిపి నాకు రాదు.

తొందరపాటు

జైలు అయ్యుంటుందండీ. ఆయన మొహమాటపడి హోటల్ అని చెప్పుంటాడు. చెక్-ఇన్ తేలిక, చెక్-అవుటే కష్టం.

సున్నంగచ్చు

జైలు కాదు, కోటా కాదు. ఆయన చెప్పిందే నిజం. అది కారవాన్‌సరాయి. కారవాన్ అంటే బిడారు, సరాయి అంటే విడిది. పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తా, ఓపికుంటే చదవండి.

ఈ కట్టడాన్ని మనిషి వైపు నుంచి చూస్తే ఏమీ అర్థం కాదు. ఒంటె వైపు నుంచి చూడాలి. వందో రెండొందలో ఒంటెలు, కంచరగాడిదలు, గుర్రాలు, వాటి మీద పట్టు బేళ్లు, నీలిమందు, మిరియాలు. అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. అన్నిటికీ నీళ్లు కావాలి, సరుకు దించాలి, రాత్రికి దొంగల భయం లేకుండా పడుకోవాలి. పొద్దున్నే ఒకదాని వెనక ఒకటి బయల్దేరాలి. ఈ పనులన్నీ ఏ వరసలో జరుగుతాయో అదే వరసలో కట్టడం ఉంటుంది.

మొదట ద్వారం. బరువుతో ఉన్న ఒంటె తగలకుండా పోయేంత ఎత్తు కమాను. దాటగానే ఎనిమిది పలకల నడవ, దాన్ని హష్తీ అంటారు. కావలివాడి గది అక్కడే, అతని కళ్ల ముందు నుంచి పోకుండా ఎవరూ లోపలికి పోలేరు. ద్వారం మీద మేడగదులు, పెద్దమనుషులు ఎవరైనా వస్తే వాళ్లకి. ఆ తర్వాత నడివాకిలి. మధ్యలో బావో నీళ్ల తొట్టో ఉంటుంది. బిడారు దిగేది ఇక్కడే. ఎండాకాలమైతే ఒంటెలు రాత్రి కూడా ఈ వాకిట్లోనే.

వాకిలి చుట్టూ ఇంచుమించు మీటరు ఎత్తు అరుగు. దీన్ని తక్కువగా చూడకండి. పశువు గదిలోకి దూరకుండా ఆపేది ఈ అరుగే, సరుకు దించడానికీ ఎత్తడానికీ పనికొచ్చేదీ ఇదే. అరుగు మీద చిన్న కమాను వసారా, దాని వెనక గది. గదిలో గోడ గూళ్లు, ఒక నిప్పుగూడు, అంతే. వెలుతురు తలుపు నుంచే.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తున్నా. గదుల వెనకాల, బయటి గోడకి ఆనుకుని, చుట్టూ పొడుగాటి శాల. గుర్రాలు, కంచరగాడిదలు అందులో. లోపలికి దారి వాకిలి మూలల నుంచి. అంటే బయటి నుంచి లోపలికి లెక్కేస్తే: గోడ, పశువుల శాల, మనుషుల గది, అరుగు, వాకిలి. మీరు కిటికీ లేదన్న గోడ అసలు గదుల గోడే కాదు, శాల గోడ. గదికి వెనక కిటికీ పెడితే అది పేడ మీదకి తెరుచుకుంటుంది. పైగా చలికాలం ఎడారిలో రాత్రి గడ్డకట్టే చలి, ఎండాకాలం నిప్పుల కొలిమి. బయటికీ గదికీ మధ్య శాల ఉండటం వల్ల గదికి రెండు గోడల కాపు.

మీ ఇడ్లీ రేకు గుబ్బలు ఆ శాల కప్పు. శాలని చదరాలుగా విడగొట్టి ఒక్కో చదరం మీద ఒక్కో చిన్న గుమ్మటం కట్టారు. నెత్తిన చిల్లు వెలుతురుకీ, పశువుల ఊపిరి వేడీ మూత్రం ఘాటూ పైకి పోవడానికీ. అందరూ ఫోటో తీసుకునేది ద్వారాన్నే గానీ, ఈ కట్టడాల్లో నాకు బాగా నచ్చేది ఆ చిల్లే.

ఎడారిపిల్లి

సున్నంగచ్చు గారూ, ఇప్పుడే లేచి వెళ్లి బొమ్మ మళ్లీ చూశా. గుబ్బలు బయటి అంచు వెంబడే ఉన్నాయి! లోపలి వైపు అరుగు నీడ కూడా కనిపిస్తోంది. నాలుగు పక్కలా మధ్యలో ఒక్కో పెద్ద కమాను ఉంది, అవేంటి?

ఇంకొకటి. అంత ఎడారిలో చెట్టే లేదు. ఇన్ని గుమ్మటాలకి సెంట్రింగ్ చెక్క ఎక్కణ్ణుంచి తెచ్చారు? నాకు ముందు ఖర్చు కళ్లకి కడుతోంది.

సున్నంగచ్చు

మంచి ప్రశ్న, ఇంజనీరే అడగాల్సింది. చెక్క తేలేదు. చాలా చోట్ల సెంట్రింగ్ లేకుండానే కట్టారు. ఇటుకల్ని నిలువుగా, కాస్త వెనక్కి వాల్చి, ముందు వరస మీద ఆనించుకుంటూ పోతారు. మధ్యలో వేసేది జిప్సం ముద్ద. నిమిషాల్లో గట్టిపడుతుంది. మేస్త్రి ఇటుక పట్టుకుని కాసేపు నిలబడితే చాలు, అది అక్కడే ఉండిపోతుంది. సున్నం అయితే ఇంత తొందరగా పట్టదు, చెక్క కావాల్సిందే.

ఆ జిప్సం ముద్దని పారసీలో ఏమంటారో తెలుసా? గచ్. మనం గచ్చు నేల, గచ్చు చేయించాం అంటామే, ఆ మాట అక్కణ్ణుంచి వచ్చిందే. మన దగ్గరికి వచ్చేసరికి జిప్సం పోయి సున్నం అయింది, ఇప్పుడు సిమెంటు కూడా గచ్చే.

పెద్ద కమానుల్ని ఐవాన్ అంటారు. మూడు వైపులా గోడ, ముందు వైపు మొత్తం తెరిచి ఉండే సావడి. నాలుగు పక్కలా ఒక్కోటి పెడితే అది నాలుగు ఐవాన్‌ల పద్ధతి. అక్కడి మసీదులూ మదరసాలూ కూడా చాలావరకు ఇదే లెక్క. మేస్త్రీలకి చేతికొచ్చిన లెక్క కాబట్టి ఊరి బయట సరాయికీ అదే వాడారు. ఎండ ఏ పక్క పడితే దానికి ఎదురు పక్క ఐవాన్‌లో కూర్చోవడమే.

గచ్చకాయ

అయితే మా గచ్చిబౌలి కూడా ఇదేనా? గచ్చుతో కట్టిన బావి ఉండేది కాబట్టి ఆ పేరు అని చెప్తుంటారు. రోజూ ఆ ఫ్లైఓవర్ మీద గంటసేపు ఇరుక్కుంటాను, ఇన్నాళ్లూ ఈ ఆలోచనే రాలేదు.

తొందరపాటు

ఇప్పుడు అదే మన కారవాన్‌సరాయి అన్నా. రాత్రికి అక్కడే పడుకోవాల్సి వస్తోంది.

తీరికమేష్టారు

పిల్లలూ, మాటల దగ్గరికి వచ్చారు కాబట్టి నేనూ ఒకటి కలుపుతాను. ఒక బిడారు ఒక రోజులో నడిచే దూరాన్ని అక్కడ మన్‌జిల్ అంటారు. దిగే చోటుకీ అదే మాట. మన మజిలీ అదే. ఉర్దూ మీదుగా వచ్చి మన నోట్లో 'న' రాలిపోయింది.

బరువుతో ఉన్న ఒంటె గంటకి నాలుగు కిలోమీటర్లు నడుస్తుందనుకోండి. ఎనిమిది గంటలకి ముప్ఫై చిల్లర. వాళ్ల కొలత ఫర్సఖ్, సుమారు ఆరు కిలోమీటర్లు. అంటే ఐదారు ఫర్సఖ్‌లు ఒక మజిలీ. పెద్ద బాటల మీద సరాయిలు 30 నుంచి 40 కిలోమీటర్ల ఎడంలో ఉండటానికి కారణం ఇదే. కొండ దారి అయితే ఎడం తగ్గుతుంది. మ్యాపు ముందేసుకుని ఎక్కడ కడదామని కూర్చోనక్కర్లేదు, ఒంటె కాళ్లే కొలిచి పెట్టాయి. నీళ్లు మాత్రం చూసుకోవాలి. నీళ్లు లేని చోట ఖనాత్ (నేల కింద తవ్విన నీటి సొరంగం) నుంచి కాలువ తెచ్చేవారు, లేదా వాననీరు పట్టే ఆబ్ అన్బార్ కట్టేవారు. ఆబ్ అంటే నీరు. అన్బార్ అంటే కొట్టు, మన ధాన్యపు అంబారం గుర్తు చేసుకోండి.

ఈ ఏర్పాటు ఇస్లాం కంటే చాలా పాతది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, పాత పారసీక అకెమెనిడ్ రాజుల బాట గురించి రాస్తూ ఇప్పటి టర్కీలోని సార్దిస్ నుంచి ఇరాన్‌లోని సూసా దాకా 111 మజిలీలు, 90 రోజుల నడక అని లెక్క చెప్పాడు. కట్టడాలు ఇవే అని కాదు, లెక్క మాత్రం ఇదే.

గచ్చకాయ

మేష్టారూ, వీటిలో 999 షా అబ్బాస్ ఒక్కడే కట్టించాడని ఎక్కడో చదివా. నిజమేనా?

తీరికమేష్టారు

999 అనేది జనం నోట పడిన మాట. వెయ్యి అంటే ఎవరో గుండుగుత్తగా చెప్పినట్టుంటుంది, 999 అంటే లెక్కపెట్టినట్టుంటుంది. బాటా చెప్పుల ధరలు 99తో ముగిసేది అందుకే. ఇప్పటికీ ఇరాన్‌లో ఏ పాత సరాయి చూపించి అడిగినా "షా అబ్బాసీ" అంటారు, అది వంద ఏళ్ల ముందుదైనా వందేళ్ల తర్వాతదైనా.

అయితే ఊరికే పేరు రాలేదు. ఆయన సఫవీ వంశపు రాజు, ఇరాన్‌ని 1588 నుంచి 1629 దాకా ఏలాడు. 1598లో రాజధానిని ఇస్ఫహాన్‌కి మార్చాడు. పట్టు వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు, ఆర్మేనియా వర్తకుల్ని తెచ్చి ఇస్ఫహాన్ పక్కన స్థిరపరిచాడు. 1622లో హొర్ముజ్‌ని పోర్చుగీసువాళ్ల చేతుల్లోంచి లాక్కున్నాక, ఎదురుగా ఒడ్డున ఉన్న రేవుకి బందర్ అబ్బాస్ అని పేరొచ్చింది. పట్టు రేవుకి చేరాలంటే బాట కావాలి, బాటకి సరాయిలు కావాలి. ఆయనకి ఇది పుణ్యకార్యమే, దాంతోపాటు రాబడి కూడా. రెండూ ఒకటి కాకూడదని రూలేం లేదుగా.

ఆయన కంటే ముందువి చూడాలంటే ఈశాన్యాన ఖొరాసాన్ వెళ్లాలి. నీషాపూర్ నుంచి మెర్వ్ వెళ్లే పాత బాట మీద రొబాతె షరఫ్ ఉంది. 1114 ప్రాంతంలో సెల్జుక్ సుల్తానుల కాలంలో కట్టారు. ఒకటి కాదు, రెండు వాకిళ్లు, ఒకదాని వెనక ఒకటి, రెండింటికీ నాలుగేసి ఐవాన్‌లు. ఇటుకల అల్లిక చూస్తే చాపల్లినట్టుంటుంది. గుజ్ తెగలవాళ్ల దాడిలో దెబ్బతింటే 1154లో సుల్తాన్ సంజర్ భార్య తుర్కాన్ ఖాతూన్ బాగు చేయించింది. అప్పటికి సుల్తాన్ శత్రువుల చేతిలో బందీ. మొగుడు చెరలో ఉండగా ఆవిడ సత్రం మరమ్మతు చేయించిందంటే ఆ బాట ఎంత అవసరమో ఊహించండి.

ఆ ప్రాంతంతోనే మనకి తెలిసిన కథ ఒకటి ముడిపడి ఉంది. షానామా రాసిన కవి ఫిరదౌసిది. గజనీ మహమూదు బంగారం ఇస్తానని మాట తప్పడం, పశ్చాత్తాపంతో చివరికి పంపడం, ఒక ద్వారం నుంచి సుల్తాను ఒంటెలు లోపలికి వస్తుంటే ఇంకో ద్వారం నుంచి కవి శవం బయటికి పోవడం, కూతురు ఆ సొమ్ము వద్దనడం. ఇంతవరకు తెలుగు వాళ్లకి తెలుసు. మరి ఆ సొమ్ము ఏమైంది? 12వ శతాబ్దంలో ఈ కథ రాసిన నిజామీ అరూజీ అది కూడా చెప్పాడు. నీషాపూర్, మెర్వ్ బాట మీద చాహా అనే చోట ఉన్న రబాత్ మరమ్మతుకి ఖర్చు పెట్టించారట. రబాత్ అన్నా సరాయి అన్నా ఒకటే. కవి కూలి చివరికి బాటసారుల కప్పు అయింది.

ఎడారిపిల్లి

మేష్టారూ, ఫిరదౌసి పాఠం మేం బళ్లో చదివాం. డబ్బు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. థ్యాంక్స్ అండీ.

ఇందులో ఉండటానికి అద్దె ఉండేదా?

సంచిభుజాన

అద్దె సంగతి చెప్పే ముందు నా అనుభవం రాస్తా. 2018లో ఇరాన్ తిరిగాను. యజ్ద్ నుంచి కెర్మాన్ వెళ్లే దారిలో జేనొద్దీన్ అనే కారవాన్‌సరాయిలో ఒక రాత్రి ఉన్నా. యజ్ద్‌కి 60 కిలోమీటర్లు. మేష్టారి లెక్కన రెండు మజిలీలు, కారులో గంట. ఇది షా అబ్బాస్ కాలం నాటిదే, కానీ నలుచదరం కాదు, గుండ్రం. బయట గోడ గుండ్రంగా ఉంటుంది, లోపల వాకిలి పన్నెండు పలకలు. ఇలాంటివి చాలా అరుదు.

గది అన్నారు గానీ గదికి తలుపు లేదు. అరుగు మీద తివాచీ, దాని మీద పరుపు, ముందు మందపాటి తెర. తెర లాగితే గది, తీస్తే నడవ. పక్కన ఎవరో గురక పెడితే మనకే పెట్టినట్టుంటుంది. రాత్రి రెండింటికి బాత్రూముకని లేచి గుండ్రటి నడవాలో ఎటు వచ్చానో మర్చిపోయి రెండు చుట్లు తిరిగాను. అన్ని తెరలూ ఒకేలా ఉన్నాయి. చివరికి నా చెప్పులు చూసి గుర్తుపట్టా. నాలుగొందల ఏళ్లలో నాలా తిరిగినవాళ్లు ఎందరో!

తెల్లారి మేడ మీదకి ఎక్కాను. కప్పంతా గడ్డి కలిపిన మట్టి పూత. కాహ్‌గెల్ అంటారు: కాహ్ అంటే గడ్డి, గెల్ అంటే మట్టి. మా అమ్మమ్మ వాళ్ల మట్టి మిద్దె మీద పూత లాంటిదే, వాసన కూడా అదే. గుబ్బల మధ్యలో నడుస్తుంటే ఒక చిల్లు దగ్గర కింద నుంచి రొట్టె కాలుస్తున్న వాసన వచ్చింది. ఎటు చూసినా కొండలూ ఎడారీ, దూరంగా హైవే మీద లారీలు. ఒక్క లారీ కూడా ఆగదు. దానికి ఈ చోటుతో పనే లేదు.

ఇక అద్దె. ఇప్పుడు నేను బాగానే కట్టాను. అప్పట్లో బాటల మీదవాటిలో చాలావాటికి అద్దె లేదని అక్కడివాళ్లు చెప్పారు. మేష్టారు సరిచేయాలి.

తీరికమేష్టారు

సరిగ్గానే చెప్పారు. రాజు, మంత్రి, లేదా ధనవంతులు కట్టించి దాని పోషణకి భూమో దుకాణాలో వక్ఫ్ రాసేవారు. గదికి డబ్బు లేదు. కానీ గదిలో ఏమీ లేదు కూడా. పరుపు మీదే, గిన్నెలు మీవే, వంట మీదే. కావలివాడి దగ్గర గడ్డి, బార్లీ, కట్టెలు కొనుక్కోవాలి, అతని బతుకు దాని మీద. ఇక్కడే మన అన్నసత్రానికీ దీనికీ తేడా. మన సత్రంలో ముందు అన్నం, తర్వాత నీడ. అక్కడ నీడ, నీళ్లు, తాళం. కొందరు రెంటినీ ఒకటే అనేస్తారు, నాకది నచ్చదు.

ఊళ్లో సరాయిలు వేరు. అవి బజారులో భాగం. కింద గిడ్డంగి, పైన వర్తకుల మకాం, వాటికి అద్దె ఉండేది. కెర్మాన్‌లో గంజ్ అలీ ఖాన్ కట్టించింది అలాంటిదే. 17వ శతాబ్దంలో ఇస్ఫహాన్‌లో ఉన్న ఫ్రెంచి నగల వ్యాపారి షార్దేన్, ఆ ఊళ్లో 162 మసీదులు, 273 స్నానశాలలు, 1802 కారవాన్‌సరాయిలు అని రాశాడు. మసీదుల కంటే పదింతలు! అదీ ఆ ఊరి సంగతి. 18వ శతాబ్దం మొదట్లో షా సుల్తాన్ హుసేన్ తల్లి పేరిట అక్కడ కట్టిన సరాయి రాబడి పక్కనున్న మదరసాకి పోయేది. ఆ సరాయే ఇప్పుడు అబ్బాసీ హోటల్.

ఒకే ద్వారం సంగతి కూడా చెప్పి ఆపుతా. రాత్రి మూస్తే పొద్దున దాకా తెరవరు. తుర్కీ దేశంలో వీటిని ఖాన్ అంటారు. 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబి అక్కడి పద్ధతి ఒకటి రాశాడు. పొద్దున తలుపు తీసే ముందు కావలివాళ్లు అందర్నీ అడుగుతారు, మీ సరుకు, మీ పశువు, మీ ప్రాణం అన్నీ సరిగ్గా ఉన్నాయా అని. అందరూ ఉన్నాయంటేనే తలుపు తీస్తారు. రెండో ద్వారం ఉంటే ఈ పద్ధతి నడవదు కదా.

తొందరపాటు

చెక్-అవుట్ కష్టం అని నేను మొదటే చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

బందరులడ్డూ

బందర్ అబ్బాస్ పేరు వినగానే మా బందరు గుర్తొచ్చి వచ్చేశా. బందర్ అంటే పారసీలో రేవు. మచిలీపట్నాన్ని మేం బందరు అనేది అందుకే. రెండు బందర్లకీ నేరుగా ఓడలు నడిచేవి. గోల్కొండ సుల్తాను ఓడ ఏటా ఇక్కణ్ణుంచి సరుకుతో పోయేది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే 1652లో బందర్ అబ్బాస్‌లో ఆ ఓడే ఎక్కి, మే 11న బయల్దేరి జూలై 2న మచిలీపట్నంలో దిగాడు. ఆ ఓడ ఏం మోసుకెళ్తుందో కూడా రాశాడు: సన్నటి మస్లిన్‌లు, రంగు పూల బట్టలు. ఆ పూలు చేత్తో వేసినవి, అందుకే అచ్చు వేసినవాటి కంటే అందమూ ధరా ఎక్కువ అని. మా పక్కన పెడనలో ఇప్పుడు చెక్క అచ్చులతో వేసే కలంకారీకి పూర్వరూపం. కలంకారీ కూడా పారసీ మాటే, కలం పని.

అంటే ఆలోచించండి. కృష్ణా తీరంలో రంగు వేసిన బట్ట ఓడ దిగి, ఒంటె ఎక్కి, లార్, షీరాజ్ మీదుగా ఇస్ఫహాన్ దాకా మజిలీ మజిలీకి ఆ అరుగుల మీద దిగి, మళ్లీ ఎక్కి పోయింది. ఎడారిపిల్లి గారి బొమ్మలో అరుగు మీద మా వాళ్ల బేలు ఒకటి పెట్టి చూస్తున్నా ఇందాకట్నుంచి.

సున్నంగచ్చు

బందరులడ్డూ గారూ, ఆ దారిలో మీ బేలు దిగిన మొదటి సరాయిలకి అసలు వాకిలే ఉండకపోవచ్చు. సముద్రం పక్క ఉక్కకి నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఉడికిపోతారు. అందుకే గల్ఫ్ తీరంలో పద్ధతి తిరగేశారు. మధ్యలో శిలువ ఆకారంలో గుమ్మటం కప్పిన సావడి, చుట్టూ గదులు, ఆ గదులు బయటికి తెరుచుకుంటాయి. గాలి ఎటు వస్తే అటు. ఉత్తరాన ఆల్‌బోర్జ్ కొండ దారుల్లోనూ వాకిలి ఉండదు, కానీ అక్కడ కారణం మంచు. అన్నీ కప్పు కిందే, చిన్నగా, చీకటిగా. నడివాకిలి, నాలుగు ఐవాన్‌లు అనేది నడుమ ఎండిన నేల పద్ధతి. క్యాలెండర్లలో వేసేది అదే కాబట్టి మనకి అదొక్కటే తెలుసు.

కార్వాన్‌గల్లీ

నేనుండేది హైదరాబాద్‌ల కార్వాన్ దగ్గర. పేరులోనే ఉంది చూడండి. గోల్కొండకి పోయే బిడారులు ఆగిన జాగా. ఇప్పుడు ఆటో ఆగడానికి కూడా జాగా లేదు, అది వేరే సంగతి.

మన దగ్గర ఇట్లాంటిది చూడాలంటే ఇరాన్ దాకా ఎందుకు, హయత్‌నగర్ పోండి. హయత్ బక్షీ బేగం మసీదు ఉంది, బందరు పోయే పాత బాట మీద. మసీదు చుట్టూ పెద్ద ఆవరణ, నాలుగు దిక్కులా గోడకి ఆనుకుని వరసగా కమాను గదులు. అవన్నీ బాటసారులకే. పక్కన హాథీ బౌలి అని పెద్ద బావి. అక్కడ చూడాల్సిన తేడా ఒకటుంది: మన దగ్గర మసీదు ఆవరణ నడుమ నిలబడింది. సున్నంగచ్చు అన్న చెప్పిన సరాయిల నడుమ నీళ్లు, నమాజు గది ఎక్కడో ఒక పక్కకి. షేక్‌పేటలో ఇంకో సరాయి ఉంది, అది రెండంతస్తులది. పోయి చూసినప్పుడల్లా నాకు బాధ అయితది, ఎక్కువ రాయను.

గచ్చకాయ

ఇరాన్‌లో అన్ని ఉన్నాయి కదా, ఎప్పుడు పోయాయి? ఒక్కసారే మూతపడ్డాయా?

సంచిభుజాన

నేను అక్కడ అడిగితే ఒక్కటే మాట చెప్పారు: లారీ. 1722లో అఫ్గాన్‌ల దాడితో సఫవీల పని అయిపోయింది, సముద్ర వ్యాపారం ఎప్పుడో పెరిగింది, అయినా తర్వాత వచ్చిన కజార్ రాజుల కాలం అంతా సరాయిలు నడిచాయి, కొత్తవీ కట్టారు. కానీ 20వ శతాబ్దంలో మోటారు రోడ్డు వచ్చాక ముప్ఫై కిలోమీటర్లకి ఎవడు ఆగుతాడు? లారీ పది మజిలీలు ఒక్క రోజులో దాటేస్తుంది. 1938కి కాస్పియన్ నుంచి గల్ఫ్ దాకా రైలు కూడా పూర్తయింది. చాలావాటిలో గొర్రెలు కట్టేశారు. కొన్నింటి ఇటుకలు ఊళ్లవాళ్లు ఇళ్లకి తోలుకుపోయారు. అది తప్పని నేను అననండీ, వాళ్లకి కావాల్సింది ఇటుక.

2023లో యునెస్కో 54 సరాయిల్ని కలిపి ఒకే ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 24 రాష్ట్రాల్లో చెల్లాచెదురుగా ఉన్నవన్నీ ఒకే పేరు కింద. నేను పడుకున్న జేనొద్దీన్ కూడా అందులో ఉంది, మేష్టారి రొబాతె షరఫ్ కూడా.

నిర్వాహకుడు

చర్చ బాగుంది, ఇలాగే ఉంచండి. ఇరాన్ ఇప్పటి రాజకీయాల మీద వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. అవి వేరే విభాగంలో రాసుకోండి.

ఎడారిపిల్లి

అప్‌డేట్ ఇస్తున్నా. ఇవాళ టీ టైములో క్యాలెండర్ తీసుకెళ్లి మా ఇరాన్ ఆయన ముందు పెట్టా. హష్తీ, ఐవాన్, కాహ్‌గెల్ అని నేను వరసగా చెప్తుంటే ఆయన టీ చల్లారిపోయింది. బొమ్మ కింద పేరు చదివించుకున్నా. "దైరె గచీన్" అట.

గచీన్! గచ్చుదే! నేను గచ్చు అని మన మాట చెప్తే ఆయన రెండుసార్లు అనిపించుకున్నారు. దైర్ అంటే మఠం లాంటిదట. ఖొమ్‌కి దగ్గర్లో ఎడారిలో ఉందని చెప్పారు. వాళ్లు దీన్ని సరాయిల తల్లి అంటారట. నిజమేనా సున్నంగచ్చు గారూ?

సున్నంగచ్చు

నిజమే, అలాగే పిలుస్తారు. మీకు తెలియకుండానే అన్నిటికంటే మంచి బొమ్మ పట్టుకున్నారు. దాని మూలం ససానియన్ల కాలం నాటిదంటారు, అంటే ఇస్లాంకి ముందు. అప్పట్లో దానికి గచ్చు గుమ్మటం ఉండేదని, పేరు దాని వల్లే వచ్చిందని చెప్తారు. ఇప్పుడు మీ బొమ్మలో ఉన్న రూపం చాలావరకు సఫవీల కాలపు పునర్నిర్మాణం. టెహ్రాన్ పక్కనున్న రేయ్ నుంచి ఇస్ఫహాన్ వెళ్లే పాత బాట మీద ఉంది.

ఇప్పుడు మూలలు చూడండి. అందులో నాలుగు మూలలూ ఒకేలా ఉండవు. ఒక మూల మసీదు, ఒక మూల స్నానశాల, ఒక మూల పిండి మర, ఇంకో మూల విడిగా ఒక చిన్న వాకిలి. పైనుంచి తీసిన ఫోటో కాబట్టి గుబ్బల వరస ఎక్కడ తప్పిందో చూస్తే ఆ మూల ఏదో తేలిపోతుంది.

ఎడారిపిల్లి

చూశా. ఒక మూల గుబ్బలు పెద్దవిగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇంకో మూల వరస తెగిపోయి చిన్న ఆకాశం ముక్కలా వాకిలి కనిపిస్తోంది. మిగతా రెండూ నీడలో ఉన్నాయి, తేల్చుకోలేకపోతున్నా.

సున్నంగచ్చు

ఏప్రిల్ 21 దగ్గర వాళ్ల నెల మారగానే ఆ పేజీ చింపి పారేయకండి. మీ ఆఫీసులో పెద్ద స్కానర్ ఉంటుంది కదా, బాగా ఎక్కువ రిజల్యూషన్‌తో స్కాన్ చేసి ఇక్కడ పెట్టండి. స్నానశాల ఏ మూలో నేను వెతికి చెప్తా.

తొందరపాటు

పిండి మర నేను వెతుకుతా. ఇడ్లీ రేకు అని మొదలైంది కాబట్టి పిండి సంగతి నాకే వదిలేయండి.